నిప్పంటని నూనె

జూన్ 3, మంగళవారం

ఇది రాయొద్దనే అనుకున్నాను. డెబ్భై రెండేళ్ళ వయసులో డైరీ మొదలుపెట్టడం, ఆఖరి బస్సు ఎక్కి కూర్చున్నాక టైంటేబుల్ అడిగినట్టుంటుంది. పైగా ఇది కొన్నది కూడా కాదు. మా అమీర్‌పేట సందులో సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్ళు కరపత్రంతో పాటు చేతిలో పెట్టారు. పంచే అమ్మాయి నా నెత్తి వైపు చూడకుండానే, "సార్, సోమవారం కొత్త బ్యాచ్, రెజ్యూమే తెచ్చుకోండి" అంది. ఆలోచిస్తానని చెప్పి డైరీ తీసుకున్నాను.

అయినా ఈ రోజు సంగతి ఎక్కడో ఒకచోట పెట్టకపోతే కడుపుబ్బేలా ఉంది. సనత్‌నగర్‌లో నలభై ఏళ్ళుగా నేను పాత సామాను ఏరుకునే తుక్కు దుకాణంలోకి నన్ను రానివ్వలేదు.

"ఓదెలన్నా, ఇప్పుడు గట్ల నడవది. పాత టీవీ గానీ రేడియో గానీ, ఏదొచ్చినా తూకమేసి కంపెనీకి పంపుడే. కాయితం ఉంటది. ఒక్క వాల్వు తక్కువైనా నన్నే అడుగుతరు" అన్నాడు దుకాణదారు.

"వేలంత గాజుబుడ్డి, వాల్వు ఎంత బరువుంటదిరా? నా బీడీకట్టంత ఉండదు."

"నువ్వు బీడీలు బంద్ జేసి ఇరవై ఏండ్లాయె."

ఆ మాటకు ఇద్దరం కాసేపు బీడీల గురించే మాట్లాడుకున్నాం. లేవబోతుంటే చెవిలో వేశాడు. పోయిన డిసెంబరులో జర్మనీ రేడియో ఒకటి ఆ కంపెనీకి వెళ్ళిందట. పియానో మెట్లలాంటి తెల్ల మీటలు, స్టేషను కుదిరితే ముడుచుకునే ఆకుపచ్చ కన్ను. వంద రేడియోలు బాగుచేసి ఉంటాను, నా అరల్లో ఇంకో ముప్పై ఉన్నాయి. అలాంటిది మాత్రం ఒక్కసారే చూశాను, పదహారేళ్ళప్పుడు, ఒక దొరగారి కిటికీలోంచి.

జూన్ 5, గురువారం

ఎలక్ట్రానిక్ తుక్కును విడగొట్టే ఆ కంపెనీకి వెళ్ళాను, అదీ సనత్‌నగర్‌లోనే. పాత కంప్యూటర్లు గుట్టలుగా పోసి ఉన్నాయి. అనుమతులు, కాగితాలు చూసే అమ్మాయి పేరు మంజూష. మాట బట్టి కోస్తా పిల్ల. రేడియో చూపించింది. అదే. కన్ను మీద దుమ్ము ఉంది గానీ గాజు పగల్లేదు.

"అమ్మడం కుదరదండీ. ఇది వ్యర్థంగా నమోదైపోయింది. ఇక్కడి నుంచి రెండే దారులు. ముక్కలై పోవాలి, లేదా రిజిస్టరైన రిపేరు కేంద్రానికి పోవాలి. నూట ఎనభై రోజులకి మించి ఉంచకూడదు. దీని గడువు ఈ నెల ఇరవై నాలుగు."

"నేను రిపేరోణ్ణే గద బిడ్డా."

"రిజిస్టరయ్యారా?"

"రేషన్ కార్డుల ఉన్న."

పెదవి కొరుక్కుంది. తర్వాత నవ్వేసింది. "మీ షాపు చూసి రిపోర్టు రాస్తానండీ. సీసం ఏం చేస్తున్నారు, పాత భాగాలు ఎక్కడ పారేస్తున్నారు, అన్నీ చూడాలి. సరిగ్గా ఉంటే మీ పేరు ఎక్కిస్తాం. అప్పుడు రేడియో మీకు ఇవ్వొచ్చు."

నియమాల పుస్తకం ఒకటి అచ్చువేసి ఇచ్చింది. సాయంత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. నేను ఇంగ్లీషు నేర్చుకుందే సర్క్యూటు పటాల వల్ల, అందుకే నాకు "రెసిస్టెన్స్" ముందు వచ్చింది, "గుడ్ మార్నింగ్" తర్వాత. కోపంతో మొదలుపెట్టాను. నాలుగో పేజీకి కోపం పోయి ఆసక్తి పుట్టింది. మనుషులు పారేసిన దాన్ని కూడా ఒకరు ఇంత శ్రద్ధగా చదివారని నాకు తెలియదు. ఏ తీగలో ఏ విషం, ఏ గాజులో ఎంత సీసం, అన్నీ ఉన్నాయి. నలభై ఏళ్ళు సీసం కలిసిన టంకం తీగను పళ్ళ మధ్య పట్టుకుని పని చేశాను. మూడో చెయ్యి లేక. ఆ పళ్ళు ఇప్పుడు లేవు, కాబట్టి సాక్ష్యం కూడా లేదు.

జూన్ 6, శుక్రవారం

షాపు ఊడ్చాను. 1994 నాటి క్యాలెండరు దొరికింది.

జూన్ 9, సోమవారం

మంజూష వచ్చింది. మెట్రో స్తంభం దగ్గర ఆటో దిగి సందులో మూడుసార్లు దారి తప్పిందట. దారి అడిగిన ముగ్గురూ కోచింగ్ సెంటర్లోకే పంపారట.

అరలు చూసి, "ఇన్ని బతికించారా?" అంది. బతికించడం అన్న మాట నాకు నచ్చింది. ఒక రేడియో పెట్టి వినిపించాను. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి, ఈ కాలం వాళ్ళకు అది కష్టం. ఆ పిల్ల ఆగింది, చెయ్యి చాచి వెచ్చదనం కూడా చూసింది. అన్నీ రాసుకుంది. సీసానికి వేరే డబ్బా పెట్టమంది, సరేనన్నాను.

తర్వాత అడిగింది: "పాత కెపాసిటర్లలో నూనె ఉంటుంది కదండీ, అదేం చేస్తారు?"

నాకు ఉత్సాహం వచ్చింది. అది నా గొప్పల్లో ఒకటి. బల్ల కింది నుంచి క్యాను తీసి చూపించాను. నాలుగేళ్ళ కిందట నా స్నేహితుడు లాజరస్ పని చేసిన ఫ్యాక్టరీ మూతపడినప్పుడు వాడు ఒక పెద్ద రేకు డబ్బా తెచ్చిచ్చాడు, మోటార్ల దగ్గర బిగించే కెపాసిటర్. రేకు బాగుందని కోస్తే లోపల మూడు లీటర్ల నూనె. పల్చటి తేనె రంగు. వత్తి ముంచి వెలిగిస్తే అంటుకోలేదు! నిప్పుకే లొంగని నూనె ఎంత చలువదై ఉండాలి? ఈ ఊళ్ళో ఎవరినడిగినా కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నూనె మోకాళ్ళ నొప్పులకు మంచిదనే చెబుతారు. లైన్‌మన్‌ను బతిమాలి తెచ్చుకుంటారు. ఇది దానికి అన్న అనుకున్నాను.

ఇదంతా చెప్పేసరికి ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

"చేతులు కడుక్కోండి. ముందు కడుక్కుని రండి, ప్లీజ్."

ఆ నూనెకు ఒక పేరు చెప్పింది, డైరీలో ఒక గీత మీద పట్టదు. దేశమంతా నిషేధమట. నిప్పంటదు కాబట్టే ఒకప్పుడు ప్రపంచమంతా వాడిందట. చర్మంలోంచి లోపలికి దిగి కొవ్వులో కూర్చుంటుందట, ఏళ్ళ తరబడి లేవదట. కాలేయం పాడుచేస్తుంది, ఇంకేవో కూడా చేస్తుంది.

"మామూలు నూనె కూడా అయ్యుండొచ్చండీ. నీళ్ళలో చుక్క వేస్తే మామూలుది తేలుతుంది, ఇది మునుగుతుంది. ల్యాబులో సరిగ్గా చూస్తాం. మీరు ముట్టుకోకండి, సీలు వేసే డ్రమ్ము పంపిస్తాను." కాగితం తిప్పింది. "ఇక్కడ ఒక గడి ఉంది. ఈ నూనె మీ షాపు దాటి బయట ఎవరికైనా వెళ్ళిందా?"

"లే."

ఆమె 'లేదు' అని రాసింది.

బుచ్చమ్మ నా భార్య. ఆమె మోకాళ్ళ కోసమే సీసాలో పోసి ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె బయట ఎవరో ఎలా అవుతుంది?

జూన్ 10, మంగళవారం

లాజరస్ ఇంటికి వెళ్ళాను, పంజాగుట్ట శ్మశానం వెనక. పాత స్నేహితుడు, ఫ్యాక్టరీలో మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ పని చేసి రిటైరయ్యాడు. అన్నం తింటున్నాడు.

"ఆ నూనెనా? గది ముట్టుకోవద్దని మా సూపర్‌వైజర్ మస్తు లొల్లి జేస్తుండె."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు రేకు కావాలన్నవ్. డబ్బా ఇచ్చిన. దాన్ని మోకాళ్ళకు రాస్తవని నాకేం ఎరుక? డబ్బా మీద పసుపు చీటీ సుత ఉండె గద."

ఉంది. నేనే గీకేశాను. రేకు మీద జిగురు మరక బాగుండదని బ్లేడుతో, తర్వాత కిరోసిన్‌తో. నాకు శుభ్రం ఎక్కువ. ఇంగ్లీషు చదవడం వచ్చినవాణ్ణి, చదవకుండా గీకాను.

అన్నం తినమన్నాడు. చింతచిగురు పప్పు. తిన్నాను, అబద్ధమెందుకు.

ఇంటి సీసాలో ఉన్నది ఆ నూనేనా, లైన్‌మన్ ఇచ్చిన మామూలు నూనెనా? అసలు సంగతి ఇది. షాపులో రెండు క్యాన్లున్నాయి. సీసా ఖాళీ అయినప్పుడల్లా చేతికందిన దాంట్లోంచి నింపాను. మామూలుదే అయ్యుంటుంది. లైన్‌మన్ క్యాను ముందు వరసలో ఉండేది.

జూన్ 11, బుధవారం

బుచ్చమ్మ గుడికి వెళ్ళాక వంటింట్లో స్టీలు గ్లాసు కాదు, గాజు గ్లాసు పెట్టాను. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకున్నాను. ముందు షాపు నుంచి తెచ్చిన లైన్‌మన్ నూనె. చుక్క నీళ్ళ మీద పరుచుకుంది, రంగులు తిరిగింది.

ఇంకో గ్లాసు. ఇంటి సీసా. చుక్క కాసేపు పైన ఆగింది, ఆలోచిస్తున్నట్టు. తర్వాత గుండ్రంగా, ముత్యంలా, తొందర లేకుండా అడుక్కి దిగింది. ఇంత అందమైన సంగతి ఈ మధ్య చూడలేదు. నూనె మునగడం! పదేళ్ళ పిల్లవాడిలా నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ముందు వచ్చింది నవ్వే.

మళ్ళీ వేశాను. మునిగింది. గ్లాసు మార్చాను. నీళ్ళు మార్చాను, బోరు నీళ్ళు కాకుండా ఫిల్టరు నీళ్ళు పోశాను. మునిగింది.

గ్లాసులన్నీ కవర్లో కట్టి మంచం కింద పెట్టాను.

జూన్ 12, గురువారం

బుచ్చమ్మకు చెప్పలేదు. ఈ వారం ఆమెకు తీరిక లేదు.

జూన్ 13, శుక్రవారం

పూటకొక చెంచా. చెంచాలో ఎంతని? మోకాలికి నోరుండదు కదా. బుచ్చమ్మకు జ్వరం కూడా వచ్చి ఎన్నాళ్ళైంది. మంజూష ఫోను చేసింది. రిపోర్టు దాదాపు అయిపోయిందట, రేడియో మీద దుమ్ము తుడిపించిందట. నేను థాంక్స్ చెప్పాను. చెప్పాల్సింది ఇంకోటి ఉంది గానీ, లైనులో ఖరఖర ఎక్కువగా ఉంది.

ఖరఖర ఏమీ లేదు.

జూన్ 14, శనివారం

చెప్పాను. పొద్దున్నే, ఆమె బెండకాయలు తరుగుతుంటే.

అంతా విని, కత్తిపీట పక్కకు జరిపి, "ఆ నూనెనా? నేనెన్నడో బంద్ జేసిన" అంది.

"ఎప్పుడు?"

"రెండు నెలలు రాసిన. కడుపుల తిప్పేటట్టు వాసన. నువ్వు సంబురంగ తెస్తివి, నీ మనసు నొప్పియ్యుడు ఎందుకని చెప్పలే."

"సీసా ఖాళీ అవుతుండె గదనే!"

"పారబోయబుద్ధి గాలే. రాజమ్మకిచ్చిన. పాపం మూడిండ్ల గిన్నెలు తోముతది, కాళ్ళు గుంజుతున్నయంటే."

నా గుండె మీంచి పెద్ద బరువు దిగింది. ఎంతసేపు అంటే, ఆమె రెండో బెండకాయ అందుకునేంతసేపు. ఆ కాసేపు నేను సంతోషంగానే ఉన్నాను. ఇది కూడా రాసిపెట్టుకోవాలి.

మా ఇంట్లో గిన్నెలు తోమే రాజమ్మ. మూడేళ్ళకు పైగా. పొద్దున, రాత్రి. సీసా నింపింది నేను, ఎవరి కోసమో తెలియకుండా.

"ఇయ్యాల, రేపు రాదాయె. సోమవారం వస్తది గద, చెబుత" అన్నాను.

"ఇయ్యాల రాత్రి సుత రాసుకుంటది" అంది బుచ్చమ్మ. "రేపు రాత్రి సుత."

వెంటనే ఫోను చేయించాను. రాజమ్మ ఫోను స్విచాఫ్. ఆమెది ఎప్పుడూ అంతే, చార్జింగు పిన్ను వదులు. బాగుచేసిస్తానని నేనే రెండేళ్ళుగా అంటున్నాను.

జూన్ 15, ఆదివారం

బోరబండ వెళ్ళాం, ఇద్దరం. నిన్ననే వెళ్ళాల్సింది. ఇల్లు కనుక్కోలేమని నేనే అన్నాను. ఈ రోజు పది నిమిషాల్లో కనుక్కున్నాం.

రాజమ్మ కుర్చీ తుడిచి వేసింది. విషయం చెప్పి నూనె వెనక్కి ఇవ్వమన్నాను. ఆమె ముఖం మారింది.

"మీకు కావాలంటే సగం తీస్కపోండ్రి సారూ. నా కాళ్ళు నడుస్తున్నయంటే గీ నూనెతోటే."

"నాకు గాదు రాజమ్మా. గది విషం."

"విషమైతే మూడేండ్ల సంది నేనెట్లున్న?"

నా దగ్గర ఒక్క ఆయుధమే ఉంది. నీళ్ళ గ్లాసు అడిగాను. ముందు కొబ్బరినూనె చుక్క వేసి చూపించాను, తేలింది. తర్వాత ఇది. మునిగింది. ఆమె వంగి చూసింది, బుచ్చమ్మ కూడా చూసింది.

"మునిగితే మంచిదే గద సారూ. బరువున్న నూనె. నొప్పి ఉన్న కాడికి దిగుతది."

బరువున్న నూనె, నొప్పి కాడికి దిగుతదన్న మాట ఆమెది కాదు. మూడేళ్ళ కిందట మా వంటింటి గుమ్మంలో నిలబడి బుచ్చమ్మతో నేను అన్నది. గిన్నెలు తోముతూ విన్నదన్న మాట. చదువుకున్నాయన చెప్పాడని నమ్మింది.

"గా మాట నేను తప్పు చెప్పిన" అన్నాను. "నాకు తెల్వక చెప్పిన. డబ్బా మీద రాసుండె, నేను చదువలే."

బుచ్చమ్మ లేచి రాజమ్మ చీర అంచు కొంచెం పైకి జరిపింది. పిక్కల మీద నల్లటి పొక్కులు. ఆవగింజలు చల్లినట్టు, రెండు కాళ్ళకూ.

"వేడి చేసింది" అంది రాజమ్మ, చీర లాక్కుంటూ.

"ఎన్నాళ్ళ సంది?" బుచ్చమ్మ.

"నిరుడు ఎండకాలం సంది. అవి వస్తున్నయని ఇంకింత రాస్తున్న."

బియ్యం డబ్బా వెనక నుంచి హార్లిక్స్ సీసా తీసి ఇచ్చింది. సగం ఉంది. తిరుగు దారిలో బుచ్చమ్మ ఆటోలో ఒక్క మాటే అంది.

"గా పిల్ల రాసుకున్న కాయితంల 'లే' అని చెప్పినవట గద. నిద్రల గొణిగినవ్."

జూన్ 16, సోమవారం

సనత్‌నగర్. హార్లిక్స్ సీసా, ఇంటి సీసా, మంచం కింది గ్లాసులు మూడు కవర్లలో చుట్టి తీసుకెళ్ళాను. మంజూష బల్ల మీద రిపోర్టు ఉంది, పైన నా పేరు చక్కగా టైపు చేసి.

"గా గడిల 'లేదు' అని రాసినవ్ గద బిడ్డా. గది మార్చాలె. ఒకామె మూడేండ్ల సంది రాసుకుంటుంది."

పెన్ను మూత పెట్టింది. తీసింది. "మారిస్తే ఇది పైకి వెళ్తుందండీ. మీ షాపు మొత్తం పరీక్ష చేస్తారు, శుభ్రం చేయిస్తారు. ఇరవై నాలుగు లోపు అవ్వదు."

"తెలుసు."

"తెలిసే వచ్చారా?"

"ఆటోల సోంచాయించుకుంట వచ్చిన. నడుమ ఒకసారి దిగిపోదామనుకున్న. సిగ్నల్ పడలే, దిగలే."

నవ్వలేదు. గడి కొట్టేసి, పక్కన సంతకం పెట్టించింది. తర్వాత తెల్ల కాగితం మీద ఆ నూనె పూర్తి పేరు పెద్ద అక్షరాల్లో రాసిచ్చింది. "డాక్టరుకి ఇది చూపించండి. ఏదో నూనె అంటే ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపేస్తారు."

బయటికి వచ్చేటప్పుడు ఆ రేడియో ఉన్న వరస మీదుగా రాలేదు. పక్క దారి ఉంది.

జూన్ 18, బుధవారం

పెద్దాసుపత్రి. రాజమ్మ, నేను. బుచ్చమ్మ రానంది, "చెప్పేటోడివి నువ్వే" అంది. చర్మం డాక్టరు కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. నర్సును పిలిచి చూపించాడు. ఇలాంటిది పుస్తకంలోనే చూశాడట. ఆయనకూ నాలాగే ముందు ఆసక్తి కలిగింది, తర్వాత రాజమ్మ ముఖం చూశాడు. నేను గమనించాను. ఆయన మీద కోపం రాలేదు.

రక్తం తీసుకున్నారు. కాలేయం పరీక్ష. మూడు నెలలకోసారి రావాలి.

"తగ్గుతదా సారూ?" అంది రాజమ్మ.

"ఆపేశావు కదమ్మా. ఇక పెరగదు. పోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పడుతుంది. నెల రోజులు సబ్బునీళ్ళలో కాళ్ళు తడవకూడదు."

"నెల రోజులు ఇంట్ల కూసుంటే మిగతా రెండిండ్లు పోతయి సారూ."

డాక్టరు నా వైపు చూశాడు. ఆ రెండిళ్ళకూ నేను వెళ్ళి మాట్లాడతానన్నాను. ఒకరు నెల ఆగుతామన్నారు. ఇంకొకరు ఆగలేమన్నారు. వాళ్ళకు ఇంకో మనిషిని చూసిపెట్టి, నెల తర్వాత మళ్ళీ అడుగుతానని చెప్పి వచ్చాను. ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. వాళ్ళకు కారణం చెప్పాల్సి వచ్చింది.

జూన్ 20, శుక్రవారం

డ్రమ్ము వచ్చింది. ఇద్దరు మనుషులు, తెల్ల దుస్తులు, మూతికి గుడ్డలు. క్యాను, రేకు డబ్బా, నేను కూర్చునే గోనెపట్టా కూడా తీసుకెళ్ళారు. కోచింగ్ సెంటర్ పిల్లలు సందంతా నిండి వీడియోలు తీశారు. ఒకడు అడిగాడు: "అంకుల్, ఏం కోర్సు ఇది?"

షాపుకు నెల రోజులు తాళం. లోపల ముప్పై రేడియోలు. వాటికి తడి తగలకుండా గుడ్డలు కప్పాను.

జూన్ 24, మంగళవారం

రేడియో గడువు ఈ రోజే. పొద్దుటి నుంచి వాన. సనత్‌నగర్ వైపు వెళ్ళలేదు. మంజూష మధ్యాహ్నం ఫోను చేసింది. "అయిపోయిందండీ" అంది. సరే అన్నాను. వాల్వులు విడిగా తీసిపెట్టారా అని అడగబోయి అడగలేదు. నియమం ఏమిటో నాకు తెలుసు, చదివాను.

రాత్రి అన్నాలయ్యాక గిన్నెలు నేను తోమాను. రెండుసార్లు కడగాల్సి వచ్చింది, పీచు పట్టుకోవడం బుచ్చమ్మ చూపించింది. పప్పు గిన్నె మూత దొరకలేదు.